కెమెరా వెనక గొంతు

అన్నా,

మైకు కొనమని ఎంత మొత్తుకున్నా విన్నావు కాదు. చెనక్కాయ చేలో అమ్మ పాడుతుంటే ఉత్త కెమెరాతోనే తీశావు. బొమ్మ అద్దంలా ఉంది. పాట మాత్రం గాలి హోరులో కలిసిపోయింది. పైగా కెమెరా వెనక నీ ఎగశ్వాస, “పాడమ్మా, పాడు” అనే నీ కేకలు!

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఈ రోజు అమ్మకు ఆ వీడియో బాగుచేసి చూపిద్దామని మొన్ననే కొత్త మైకు కొన్నాను. ఆమె కొంగుకు తగిలించి, అదే పాట మళ్లీ పాడించి, నువ్వు తీసిన బొమ్మకు అతికించాను. పెదవులకూ పాటకూ పొత్తు కుదరక తల పగిలిపోయింది. నీ చప్పుడంతా తుడిచేశాను.

పొద్దున అమ్మ ఫోనుకు చెవి ఆనించి మొత్తం విన్నది. చివరికి నా మీద విరుచుకుపడింది.

“నా పాట నాకెందుకప్పా? వాని గొంతు యాడ పెట్టినావు?”