గడప గీసిన పెట్టె

జూలై 7, సోమవారం

పొద్దున్నుంచీ ముసురు. పటాన్‌చెరు రోడ్డంతా బురద. బస్సు ఆలస్యం, నేనూ ఆలస్యం.

ప్రెస్సుకి కొత్త దాణా సంచి నమూనా వచ్చింది. లలితక్క గీసిన బర్రె. ఒక చెవి వెనక్కి తిప్పి ఉంది — ఎక్కడో బకెట్ చప్పుడు వినపడినట్టు. అంతే. దాణా ఎక్కడా గీయలేదు, అయినా దానికి నోరూరుతోందని తెలిసిపోతోంది. ఏం చెయ్యి తల్లీ! భానూర్‌లో రెండు గదుల ఇంట్లో కూర్చుని గీస్తుంది. ఆమె బొమ్మలు ఊరూరా కిరాణా కొట్లలో ఉంటాయి. పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

జూలై 8

మామిడి తొక్కు సీసాకి లేబుల్. అదీ అక్కదే. పెట్టెలు మడిచి అంటించే మా విభాగంలో అందరికంటే పెద్దది యాదమ్మ. చాలాసేపు చూసింది. "ముక్కకు టెంక ఉంచి గీసింది సూడు. తొక్కు పెట్టిన చెయ్యే బిడ్డా ఇది." ఇంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది.

జూలై 10, గురువారం

మా ప్రెస్సు సేటు ఫోన్ తెరిచి చూపించాడు. దసరాకి అగరబత్తి కంపెనీ వాళ్ళకి కొత్త పెట్టె కావాలట. కంప్యూటర్‌తో చేయించిన అమ్మవారు. బాగుంది. అబద్ధమెందుకు — చాలా బాగుంది.

"ఇగ లలితమ్మతోని పనేముంది, సుజాతమ్మా? గామె వారం తీస్కుంటది. గిది చాయ్ తాగేలోపల అయింది."

నవ్వుతూనే అన్నాడు. నాకు చాయ్ సహించలేదు. ఇది కుదిరితే అక్కకి ఇక్కడ పని లేనట్టే. బర్రెలు, తొక్కు సీసాలు... అన్నీ ఆ యంత్రానికే.

జూలై 14, సోమవారం

అమ్మవారి పెట్టె మొదటి కట్ట అచ్చయి వచ్చింది. పరిచి చూస్తే పండగే. మడిస్తే — మూత మడత సరిగ్గా ముఖం మీద పడుతోంది. కళ్ళు మూత మీద, పెదవులు ముందువైపు.

యాదమ్మ మడవబోయి ఆగింది. షీటు కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. "అమ్మవారి ముఖం నేను ఇరుస్తనా? నాతోని కాదు బిడ్డా." ఇక ఒకరి వెనుక ఒకరు అందరూ చేతులు తీసేశారు. బిహార్ అమ్మాయి సునీత చున్నీ తల మీదికి లాక్కుని "నై దీదీ, నై" అంటోంది.

సేటు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఒక షీటు తీసుకుని తానే మడవబోయాడు. బొటనవేలు ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది.

"పిలువు ఆమెను."

ఆ షీట్లు ఎవరి కాళ్ళ కిందా పడకుండా బల్ల మీదికి ఎక్కించాం. దండం పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావు ఇక.

జూలై 15

లలితక్క వచ్చింది. గొడుగు మూసి ముందు ఆ షీటే చేతికి తీసుకుంది. దెప్పుతుందనుకున్నాను. నేనైతే దెప్పేదాన్ని.

"రంగులు మంచిగున్నయి. పాపం, ఇది పెట్టె అని దానికి ఎవ్వరు చెప్పలే."

అంతే. నాకు ఆమె మీద గౌరవం, నా మీద కొంచెం సిగ్గు.

తెల్ల అట్టతో ఒక పెట్టె మడిపించుకుంది. ఎప్పుడూ అంతే — ఉత్త పెట్టెను ఇంట్లో బీరువా మీద పెట్టుకుని, వస్తూ పోతూ చూస్తుంది. పెన్సిల్ తర్వాత. వెళ్ళబోతూ యాదమ్మని అడిగింది: "అగరబత్తులు అయిపోయినంక పెట్టె ఏం జేస్తవ్?"

"దేవుని బొమ్మ ఉంటె చెత్తల ఎట్లేస్త? దేవునర్రల మూలకు పెడ్త. కుప్ప అయింది. సూసినప్పుడల్ల పరేషాన్."

అక్క గొడుగు విప్పి, తెల్ల పెట్టె తడవకుండా కొంగు కింద పెట్టుకుని వెళ్ళింది.

జూలై 17

ఫోన్ చేశాను. ఎత్తలేదు. గీస్తోందన్నమాట.

జూలై 19, శనివారం

తెచ్చింది. నమూనా పెట్టెలు కొన్ని, తానే మడిచి.

దేవుడే లేడు! ముందువైపు ముగ్గు వేసిన వాకిలి. మూత మీద ఇంటి లోపల — చీకటి, ఒక దీపం, సన్నగా లేస్తున్న పొగ. రెండింటి మధ్య, మడత పడే చోట... గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన గడప. మడత మాయమైపోయింది. ఇన్నేళ్ళుగా నా వేళ్ళ కింద నలిగిన గీత, అది గడప కాగలదని ఒక్కనాడూ తోచలేదు. కళ్ళలో నీళ్ళు. అట్టపెట్టె చూసి ఏడ్చే పిచ్చిది నేనొక్కదాన్నేనేమో.

సేటు తల గోక్కున్నాడు. "దేవుడేడి లలితమ్మా? దేవుడు లేని అగరబత్తి ఎవరు కొంటరు?"

"దేవుడు కొన్నోళ్ల ఇంట్ల ఉంటడు గద సేటూ. ఖాళీ పెట్టె పారేస్తుంటె ఎవ్వరి మనసు గుంజొద్దు. గందుకే గీయలే."

యాదమ్మ మడత మీద గోరుతో గట్టిగా నొక్కింది. "ఇది మడుస్త."

కంపెనీకి పంపాడు సేటు. వాళ్ళు వద్దంటే ఆ కంప్యూటర్ అమ్మవారినే కొంచెం పైకి జరిపి అచ్చు వేస్తాడట. అక్క ఎదురుగానే చెప్పాడు. అక్క తలూపింది.

నేనొక నమూనా పెట్టె అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. అగరబత్తులు నింపి అత్తమ్మకి ఇచ్చాను.

జూలై 22

"చూస్తున్నాం" అన్నారట కంపెనీ వాళ్ళు. ఫలహారం తిని వెళ్ళిన పెళ్ళిచూపులవాళ్ళ మాట.

జూలై 24, గురువారం

రేపటి నుంచి శ్రావణం. కంపెనీ నుంచి ఇంకా జవాబు లేదు.

ఇంట్లో అగరబత్తులు అయిపోయాయి. పెట్టె చెత్తబుట్టలో చూశాను. లేదు. దేవునర్రలో దీపం పక్కన ఉంది — మూత తెరిచి, నిలబెట్టి.

"దేవుని బొమ్మ లేదు గద అత్తమ్మా, పారేయకపోయినవా?"

"గడప ఉన్నది గదనే. గడపను ఎవరన్న పారేస్తరా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరూ పారేయని పెట్టె అని సేటుకి చెబితే ఈ రాత్రే కంపెనీని ఒప్పిస్తాడు. అక్కకి చెబితే — ఆమె సంగతి నాకు తెలుసు — మనసు గుంజకుండా పారేయాలనే గీసిన ఆ బొమ్మ చింపేసి మళ్ళీ మొదలుపెడుతుంది.

ఫోన్ చేతిలోనే ఉంది. ముందు ఎవరికి...