చెత్తబుట్టలోకి వెళ్ళిన ఐదు గీతలు

నేరేడ్‌మెట్, 8 జులై 1986, మంగళవారం

అన్నం తినమన్న పాపానికి అమ్మను కసురుకున్నాను. నా కోపమంతా మా పీహెచ్‌డీ గైడ్ మీద.

కోళ్లకు వచ్చే కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏ, నెల రోజుల కష్టం తర్వాత ఇవాళ ల్యాబ్‌లో ఎక్స్‌రే ఫిల్ము మీద ఆరు గీతలుగా కనిపించింది. సార్ ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశారు.

“ఏందమ్మా ఇది? ఆర్‌ఎన్‌ఏ అంత ఖరాబ్ చేసినవ్. ముక్కలు ముక్కలైంది.”

“ఉత్తగ విరిగితే అన్ని ముక్కలకు ఒకటే మొదలు ఎట్లుంటది సార్? నేను వెతికింది ఆ మొదలునే. ఆరు గీతలకు ఉన్నది.”

వైరస్ తన ఆర్‌ఎన్‌ఏ మొదట్లోని చిన్న తునకను, ప్రోటీన్ల కోసం తాను తయారుచేసే ప్రతి ఆర్‌ఎన్‌ఏ సందేశానికీ ముందు అతికిస్తుంది. పై గీత వైరస్ మొత్తం ఆర్‌ఎన్‌ఏ, కింది ఐదూ ఆ సందేశాలు. ఏది ఎంత చేయాలో కూడా దానికో పద్ధతి ఉంది. అందుకే కొన్ని గీతలు లావు, కొన్ని సన్నం. ఆయన వింటేగా!

“రిపోర్టుకు ఇదొక్కటి సాలు” అంటూ పై గీత ఉంచుకుని, కింది ఐదూ కత్తెరతో కోసి చెత్తబుట్టలో పడేశారు. ఆ మంట వేరే.

ఆయన చాయ్‌కి వెళ్ళగానే ఆ ముక్కను ఏరుకొచ్చి ఈ డైరీ పేజీకి అంటించాను. రేపు సెమినార్‌లో ఆయన ఆ ఒక్క గీతనే చూపిస్తారు. నేను ముందు వరసలో ఈ పేజీ తెరిచి కూర్చుంటాను.