కారులో అఖండదీపం

తిరుపతి,
1979 ఏప్రిల్ 2.

మహరాజశ్రీ బావగారు చెంగయ్యగారి పాదాలకు నమస్కరించి బామ్మర్ది రాజారత్నం రాసుకునేది.

ఇక్కడ అందరం కులాసా. బట్టల కొట్టు ఏడుకొండలవాడి దయవల్ల నడుస్తోంది. మా పంకజాక్షి పెండ్లికి కొండమీద సత్రం దొరికింది. వైశాఖంలో ముహూర్తం.

మీరు ఊరూరా తిరిగి హరికథలు, పురాణాలు చెప్పుకోవడానికి పోయిన ఏడాది నా పచ్చకారు ఇచ్చాను గదా. దాన్ని వెనక్కి అడగడం లేదు. పెండ్లికి ఒక్క పూట పంపితే చాలు. మా అమ్మ సుబ్బులమ్మ సంగతి మీకు తెలుసు. బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. టాక్సీ అంటే నమ్మకం లేదు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పచ్చకారులోనే కొండెక్కుతానని, లేకుంటే పెండ్లికే రానని కూర్చుంది.

కొండదారి అంటే మాటలు కాదు. అందువల్ల ఇంజనాయిలు ఒకసారి చూపించండి. ఇంజను పక్కన సన్నటి కమ్మీ ఒకటి ఉంటుంది. దాన్ని లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీసి చూడాలి. ఆయిలు తేనెరంగులో ఉంటే మంచిది. కాటుకలాగా నల్లబడి, వేళ్ల మధ్య రుద్దితే గరగరమంటే వెంటనే మార్పించాలి. నా దగ్గర ఉన్న ఆరేండ్లూ మూడువేల కిలోమీటర్లకోసారి తప్పకుండా మార్పించాను. ఆ విషయంలో నేను చాలా నిష్ఠ గలవాణ్ణి.

మీ ఆశీస్సులు కోరే
రాజారత్నం

తా.క. అక్క దేవకమ్మకు ఎర్రచీర తీసిపెట్టాను. పోయినసారి ఇచ్చిన చీర రంగుపోయిందని అన్నదట. ఉతికితే పోయింది గానీ ఊరకే పోలేదు.


పూతలపట్టు,
ఏప్రిల్ 5.

చిరంజీవి రాజారత్నాన్ని ఆశీర్వదించి బావ చెంగయ్య రాయునది.

నీ ఉత్తరం చదివి రెండుసార్లు గోవింద అన్నాను. ఒకటి పెండ్లి మాటకు. రెండోది నీ తెలివికి.

ఆయిలు మార్చాలా? అప్పా, నీవు గుడ్డ కొలిచి చింపే మనిషివి. పాతది పారెయ్, కొత్తది కొను అనడం తప్ప నీకు వేరే మంత్రం రాదు. ఇటు విను. మా భజన గుడిలో అఖండదీపం నా చేత్తో వెలిగించి పన్నెండేండ్లయింది. ఇంతవరకు ఆరలేదు. ఏనాడైనా దాని నూనె పారబోశామా? తగ్గితే పోస్తాము. కొత్త నూనె పోయి పాత నూనెలో కలిసి, దాని దగ్గర గుణం నేర్చుకుంటుంది. సంప్రదాయమంటే అది. ఇంట్లో మనవడు పుట్టాడని తాతను పెరట్లో పారబోస్తామా?

నల్లబడితే మార్చాలంటావు. నీకు నలుపు లోకువయిందా? నీవు కాపురముండే ఊళ్లో కొండమీద నిలబడినవాడు ఏ రంగు? ఆయన ముందు నిలబడి, "స్వామీ, నల్లబడ్డారు, మార్పిస్తాము" అంటావా? సేవ చేసి చేసి నల్లబడిన ఆయిలు అది. ఎండలో చేను దున్నినవాడు నల్లబడతాడు, నీడలో గుడ్డ కొలిచేవాడు తెల్లగా ఉంటాడు. ఎవడు గొప్ప?

అయినా నీ మాట తీసెయ్యకుండా డ్రైవరు మునస్వామి చేత కమ్మీ లాగించాను. నీవు చెప్పినట్టు కాటుకే. "సామీ, ఇది మార్సాల" అన్నాడు వాడు. "ముందు నీ బీడీ మార్చరా" అన్నాను. ఆ కాటుకను వేలితో తీసి కారు నొసట దిష్టిచుక్క పెట్టాను. బండికి కొత్త కళ వచ్చింది.

శుభమస్తు.
చెంగయ్య

తా.క. తమ్ముడా, నేను దేవకమ్మను. మీ బావ నీళ్లు పోసుకునేదానికి పోయినాడు, ఆ సందులో రాస్తా ఉండాను. ఆ కారు పొగకు మా మామిడితోట పిందెలన్నీ నల్లంగా అయిపోతా ఉండాయి. ఇంగ ఎర్రచీర నాకొద్దు. ఈసారి ఉతికే చీర పంపు.


తిరుపతి,
ఏప్రిల్ 9.

పూజ్యులైన బావగారికి రాజారత్నం నమస్కారాలు.

మీతో వాదించేటంతటివాణ్ణి కాను. కాని దీపం వేరు, ఇంజను వేరు. దీపం నూనెను తాగుతుంది. ఇంజను నూనెలో స్నానం చేస్తుంది. దాని ఒంటి మురికంతా ఆ నూనెలోనే కలుస్తుంది. మీరు ఎంత మడిగా ఉన్నా, నిన్నటి స్నానం నీళ్లతో ఈరోజు స్నానం చేస్తారా? అక్క ఏడాది పొడుగునా ఒకే నూనెలో వడలు కాలిస్తే తింటారా?

ఆయిలు చెడిందనడానికి ఇంకా గుర్తులున్నాయి. ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. వెనక పొగ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, స్టీరింగు ముందర చిన్న ఎర్రదీపం ఉంటుంది. బండి నడుస్తుండగా అది వెలిగితే లోపల నూనె కావాలని అర్థం. వెంటనే బండి ఆపెయ్యాలి. ఒక్క ఫర్లాంగు కూడా పోకూడదు.

పంకజాక్షి రోజూ కారు ఎప్పుడొస్తుందని అడుగుతోంది. హైస్కూలుకు దాంట్లోనే పోయింది గదా. దయచేసి ఆయిలు మార్పించండి.

విధేయుడు
రాజారత్నం

తా.క. కారుకు పెట్టిన దిష్టిచుక్క కుడిపక్కనా ఎడమపక్కనా అని అమ్మ అడగమంది. ఇలాంటివి ఇకమీదట కార్డు మీద రాయకండి. కవర్లో రాయండి.


పూతలపట్టు,
ఏప్రిల్ 13.

చిరంజీవి రాజారత్నానికి చెంగయ్య ఆనందబాష్పాలతో రాయునది.

నేను ఓడిపోయాను. నీవు గెలిచావు. నీ నోట పలికించినవాడు గెలిచాడు.

మొన్న కాణిపాకం దారిలో ఒక పల్లెకు పురాణం చెప్పడానికి పోతున్నాము. ఊరు ఇంకా రెండు పొలాల దూరం ఉందనగా, స్టీరింగు ముందర ఎర్రదీపం వెలిగింది. వత్తి లేదు, అగ్గిపుల్ల లేదు, చెయ్యి లేదు. తనంతట తాను వెలిగింది. నాకు ఒళ్లు జలదరించింది. మునస్వామి, "సామీ, బండి ఆపేస్తాను" అన్నాడు. "దేవుడు దీపం పెడితే ఆపేదానికి నీవెవడివిరా" అన్నాను.

ఊరి మధ్యలో రచ్చ దగ్గర నిలిపాము, ఇంజను ఆపకుండా. నీవు రాసిన టకటక మొదలయింది. అది టకటక కాదప్పా, తాళం. మృదంగం వాయించే చిన్నబ్బ జ్వరమని రాలేదు. ఆ లోటే తెలియలేదు. ఇంజను వేసిన తాళానికి ఊరంతా భజన చేసింది. వెనకనుంచి పొగ సాంబ్రాణి మాదిరి కమ్ముకుంది. ఆ ఊపులో సారా మీద, పేకాట మీద నిప్పులు కురిపించాను. ఇద్దరు అక్కడికక్కడే సారా మానుకుంటామని కారు బానెట్టు మీద ఒట్టేశారు. చెయ్యి కాలింది గనక ఒట్టు గట్టిగా నిలుస్తుందని నా నమ్మకం.

దీపం వెలిగితే నూనె కావాలని అర్థమని నీవే రాశావు. ఆ మాటే జనానికి చెప్పాను. ఆడవాళ్లు ఇండ్లలోకి పరిగెత్తి గిన్నెలు, చెంబులు తెచ్చారు. నువ్వులనూనె, శనగనూనె. మునెమ్మ అనే ముసలమ్మ ఆముదం. అన్నీ డబ్బాల్లోకి ఎత్తి బండిలో పోయమని మునస్వామికి అప్పజెప్పాను. పెండ్లినాడు నీ కూతురు అఖండదీపంతో పాటు కొండెక్కుతుంది. ఇటువంటి భాగ్యం ఏ పెండ్లికూతురికి కలిగింది?

గోవింద గోవింద.
చెంగయ్య

తా.క. ఆముదం ఇచ్చిన మునెమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందట.

మరొకటి. దేవకమ్మ ఏదో రాయాలని చెయ్యి చాపింది. ఆనందంలో కవరు అంటించేశాను.


తిరుపతి,
ఏప్రిల్ 16.

బావా,

ఇంజన్లో ఆముదమా?

బండి తాళంచెవి ఈ ఉత్తరం చేరిన క్షణం అక్క చేతికి ఇవ్వండి. మీరు ఆ కారు ఎక్కవద్దు, ముట్టవద్దు, దాని ముందు హారతి కూడా ఇవ్వవద్దు. చిత్తూరు నుంచి మెకానిక్కు గోవిందును పంపుతున్నాను. దానిలో ప్రాణం మిగిలి ఉందో లేదో అతను చెబుతాడు.

ఇక్కడ ఇల్లు ఇల్లుగా లేదు. ఆ కారు తప్ప ఇంకోటి ఎక్కనని అమ్మ గదిలో తలుపు వేసుకుంది. పంకజాక్షి మీ మీద ఒక్క మాట పడనివ్వదు. "మామ నన్ను భుజాన కూర్చోబెట్టుకుని పురాణం చెప్పినాడు. ఆయన్నేమీ అనొద్దు నాయనా. అవ్వ రాకపోతే నేను పీటల మీద కూర్చోను, అంతే" అంటోంది. అవ్వ కావాలి, అవ్వకు కారు కావాలి, కారుకు ఆయిలు కావాలి. మధ్యలో మీరు.

ఆత్మ పాతబట్ట విడిచి కొత్తబట్ట కట్టుకుంటుందని మీరు వెయ్యిసార్లు చెప్పారు. ఆ మాట నా కొట్టు గోడమీద రాయించాను. చదివినవాళ్లు ఇంకో పంచె అదనంగా కొంటున్నారు. మనుషులకు చెల్లిన శాస్త్రం ఇంజనుకు చెల్లదా?

రాజారత్నం

తా.క. గారు. (పైన బావా తర్వాత వదిలేశాను. అమ్మ తలుపు తీసి, చదివి, తిట్టి, మళ్లీ వేసుకుంది.)


పూతలపట్టు,
ఏప్రిల్ 24.

చిరంజీవి రాజారత్నానికి చెంగయ్య శుభాశీస్సులు. ఈ ఉత్తరం మునస్వామి చేత పంపుతున్నాను. వాడు ఏ బండిలో వచ్చాడో వాకిట్లోకి పోయి చూసి, వచ్చి తక్కినది చదువు.

చూశావా. సరే.

గోవిందు వచ్చినప్పుడు నేను మంచి కోపంమీద ఉన్నాను. "నా శాస్త్రం తప్పని నిరూపించే మొనగాడివి, ముందు రా, పన్నెండేండ్లుగా నూనె మార్చని దీపం చూపిస్తాను" అని చెయ్యి పట్టుకుని భజన గుడికి లాక్కుపోయాను. మధ్యాహ్నం పూట. నేను ఆ వేళ గుడికి ఎన్నడూ పోయినవాణ్ణి కాను. భోంచేసి పడుకునే వేళ.

దీపపు కుంది పీఠం మీద లేదు. గుడి వెనక బావి దగ్గర మీ అక్క దాన్ని బోర్లించి, చింతపండు వేసి తోముతోంది.

"దేవకమ్మా, అఖండదీపాన్ని ఆర్పేశావా?" అన్నాను.

"యాడ ఆరింది సామీ? కండ్లు పెట్టి సూడండి. దీపం ఆడ గూట్లో సిన్న ప్రమిదలో ఎలగతా ఉండాది. ఈడ తోమేది కుందిని."

"మరి నూనె?"

"మడ్డి నూనె పారబోసినా. నెలనెలా అమాసకు పారబోస్తానే ఉండాను. లేకుంటే వత్తి పాసిపట్టి మూడోనెలకే ఆరిపోయింటాది మీ అఖండం."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పనిస్తేగా? మీరు సెప్పేది ఆగితే గదా, ఇంగొకరు సెప్పేది."

గోవిందు పక్కకు తిరిగి బావిలోకి చూశాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి. నేను గుడి మెట్టుమీద కూర్చున్నాను. పన్నెండేండ్లు దీపం గురించి నేను చెప్పాను. దీపాన్ని ఆమె చూసుకుంది. నిలవాల్సింది వెలుగు, నూనె కాదు. నోరు పోయేటట్టు ఊరందరికీ చెప్పిన పాతబట్ట కొత్తబట్ట మాట, నా గుడి వెనకే చింతపండు పెట్టి తోమితే గాని నాకు తెలియలేదు.

ఇంకొకటి. భక్తుల నూనెలు ఒక్క చుక్క కూడా ఇంజన్లో పడలేదు. మీ అక్క మునస్వామికి ముందే కన్నెర్ర చేసి, డబ్బాలన్నీ వంటింట్లో దాచింది. అదే నీకు రాయాలని ఆనాడు చెయ్యి చాపింది. నేను కవరు అంటించాను.

"మార్చు నాయనా" అన్నాను గోవిందుతో. వాడు కారుకింద పడుకున్నాడు. పాత ఆయిలు తారు మాదిరి జారింది. ఇంకో వారం నడిపి ఉంటే ఇంజను బిగుసుకుపోయేదట. లోపలంతా కడిగి కొత్త ఆయిలు పోశాడు. కమ్మీ లాగి నాకే చూపించాడు. తేనె. స్టార్టు చేస్తే టకటక లేదు, పొగ లేదు. ఎర్రదీపం ఒక్క క్షణం వెలిగి ఆరింది. ఒక దీపం ఆరినందుకు నేను సంతోషించడం నా జన్మలో అదే మొదలు. పూతలపట్టు నుంచి కాణిపాకం దాకా పోయివచ్చాము. అత్తగారిని తలుపు తీయమను. పంకజాక్షికి మామ ఆశీస్సులు చెప్పు.

ఇంతటితో ముగించేవాణ్ణే. కాని గోవిందు కారుకింద ఉన్నప్పుడు ఒక సంగతి జరిగింది. ఆయిలు దించాలంటే అడుగున ఒక బోల్టు ఊడదీయాలట. అది కదలలేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో కొట్టి కొట్టి తీశాడు. తీసి, తుడిచి, వెలుతురుకు పట్టి చూశాడు.

"సామీ, ఈ కారు మీకు ముందు ఎవురి దగ్గర ఉణ్ణింది?"

"మా బామ్మర్ది దగ్గర. ఆరేండ్లు. మూడువేల కిలోమీటర్లకోసారి ఆయిలు మార్పించిన నిష్ఠాపరుడు."

"అట్లనా? ఈ బోల్టు మూలలు సూడండి. ఇంతవరకూ దీనికి స్పానరే తగల్లేదు సామీ. కంపెనీలో బిగించినోడు బిగించిందే, ఈ పొద్దు నేను ఇప్పిందే."

రాజారత్నం, చదువుతున్నావా? అఖండదీపం నాది కాదప్పా, నీది. నీవూ మార్చకుండా, తగ్గితే పోస్తూ వచ్చినవాడివే. నా దీపాన్ని తోమడానికి దేవకమ్మ ఉంది. నీ దీపాన్ని ఆరేండ్లలో ఎవ్వరూ తోమలేదు. ఆ బోల్టును పసుపుగుడ్డలో కట్టి మునస్వామి జేబులో పెట్టాను, గోవిందు కొత్తది బిగించాడు. నీ కొట్టు గోడమీద, ఆ పాతబట్ట మాట కింద, మేకు కొట్టి వేలాడదియ్యి.

మీరందరూ కొండమీద ఉండగా నేను పురాణం చెప్పనులే. ఆ రోజు వినడానికి వస్తాను.

ఆశీస్సులతో
చెంగయ్య

తా.క. తమ్ముడా, దేవకమ్మను. ఈ తూరి మీ బావే పెన్ను నా సేతికిచ్చినాడు. భక్తుల నూనెలు డిక్కీలో పెట్టినాను, పెండ్లి వడలు వాటితోనే కాల్చు. ఆముదం డబ్బా మూతకు దారం కట్టినా, అది మాత్రం వడలకు పొయ్యొద్దు. కాల్చినంక మిగిలిన నూనె దాచిపెట్టొద్దు, నీ అలవాటు ఇప్పుడు తెలిసిపోయింది. బోల్టు మాట అమ్మకు ఇంగా సెప్పలేదు. ఉతికే చీర వస్తే సెప్పను.