ఒక్క కోన్ నూలు

బాపూ,

నువ్వేసిన కేసు గెలిచినమని వకీలు సారు నిన్న ఫోన్ చేసిండు. సిరిసిల్ల నూలు సేట్లందరు ఒక్కటై ఒకే రేటు పెట్టిండ్రని, బయటికెల్లి తక్కువకు తెచ్చుకున్నోళ్లకు నూలు బంద్ చేసిండ్రని నువ్వు చెప్పింది నిజమేనట. ఇగ ఎవ్వలకూ నూలు ఆపొద్దని తీర్పిచ్చిండ్రట.

నీతోని కేసు కాయితం మీద సంతకం పెట్టినోళ్లందరు మెల్లగ వెనుకకు పోయిండ్రు. వాళ్లకు నూలు దొరికింది. మన సాంచాలే, గా కరెంటు మగ్గాలే ఆగినయ్. నూలు లేక వాటిని తుక్కు కింద అమ్ముకొని భివండి పోయినవ్. పరాయోళ్ల సాంచాల మీద నేసుకుంట గక్కడనే పానం ఇడిసినవ్.

ఇయ్యాల నీ సంవత్సరీకం. పొద్దుగాల అమ్మ నన్ను తోలుకొని, నువ్వు పైసలు చేతుల పట్టుకొని పోయినా స్టాకు లేదన్న సేటు దుకాణానికే పోయింది. మమ్మల్ని చూసి కుర్చీలు ఏయిచ్చిండు. చాయ్ తెమ్మన్నడు. గింత మర్యాద ఎన్నడు నేర్చిండో!

"ఎంత నూలు గావాలె చెల్లె?" అన్నడు.

అమ్మ నిలవడే ఉన్నది. "ఒక్క కోన్ ఇయ్యి."

"ఒక్క కోన్‌తోని ఏం నేస్తరు?"

అమ్మ పైసలు బల్ల మీద పెట్టి, కోన్ కొంగుల కట్టుకున్నది.

ఇంటికచ్చి గా నూలుతోనే బంతిపూలు గుచ్చి నీ ఫొటోకేసింది. పైన జానెడు నూలు పూలు లేకుంటనే ఉన్నది. ఇంకిన్ని పూలు గుచ్చుదామంటే నా చెయ్యి పట్టుకున్నది.

"ఉండనీయ్ బిడ్డా. నూలు మీ బాపుకు కనవడాలె."