ఎడమ మూల గురించి ఒక్క మాట కూడా

ఆదివారం

నిర్ణయం జరిగిపోయింది. ఈ రోజు నుంచి సీజను ఆఖరి మ్యాచ్ దాకా మా జట్టు డిఫెన్సు గురించి నోరు విప్పను. ఒక్క మాట కూడా!

కారణం రాసి పెట్టుకోవడం మంచిది. లేకపోతే రేపు నాతో నేనే వాదించుకుంటాను.

బస్సు డిపోలో బావకి ప్రమోషన్ వచ్చిందని నిన్న అక్క భోజనానికి పిలిచింది. బావ పై అధికారి కూడా వచ్చాడు. ఆయన పాపం మర్యాదకి, "మీరూ ఫుట్‌బాల్ చూస్తారా?" అని నన్ను అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

మా ఎడమ పక్క డిఫెండరు పేరు చుట్టపుచూపు. మేము పెట్టిన పేరే. తను కాయాల్సిన చోటికి చుట్టపుచూపుగా వచ్చిపోతుంటాడు. బంతి కనపడితే చాలు, ముందుకు పరుగెడతాడు. వెళ్ళినవాడు తిరిగి రాడు. ఆ ఖాళీలోంచి అవతలివాళ్ళు ఊరేగింపులా వచ్చి గోల్ వేసి పోతారు. ఇదంతా అధికారికి గిన్నెలు సర్ది చూపించాను. కూర గిన్నె మా గోలీ, అంటే గోల్‌కీపరు. అది నా చేతిలో ఉన్నంతసేపూ ఎవరికీ వడ్డన జరగలేదు. అధికారి గడియారం చూసుకుని, ఆకలి చచ్చిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

బావ అన్నది: "ఏరా, పెళ్ళికెళ్ళినా మాట్లాడవు, చావుకెళ్ళినా మాట్లాడవు. నీ పెళ్ళికే 'ఊఁ' అని సరిపెట్టావు. ఆ ఎడమ మూల పేరెత్తితే మాత్రం కుళాయి విరిగినట్టేనా?"

నేను అన్నది: "ఆ మూల మూసుకుంటే నేనూ మూసుకుంటాను బావా."

ఇదీ అనకుండా ఉండాల్సింది.

గ్రౌండులో నా పక్క సీటు బావది. అక్క పెళ్ళయిన కొత్తలో, కొత్త బావకి తోడుగా నన్ను మ్యాచ్‌కి పంపినప్పటి నుంచి మేము పక్కపక్కనే కూర్చుంటున్నాం. బావ ఆ సీటు లెక్కల మాస్టారికి ఇచ్చేసి, గ్రౌండుకి అవతలి వైపున్న మాస్టారి సీటుకి మారిపోయాడు.

అక్క ఒప్పందం కుదిర్చింది. ఆఖరి మ్యాచ్ దాకా నేను నోరు మూసుకుని ఉంటే, ఆ రోజు కౌంటరు దగ్గర వచ్చే సీజను సీటు బావ నా పక్కనే రాయిస్తాడు. ఒక్క మాట జారానా, ఇక జన్మలో లేదు.

ఇంతేనా! ఇంటి ఖర్చు రోజూ రాసుకునే పుస్తకం ఇది. ఇక నుంచి మాటల ఖర్చు కూడా రాస్తాను. పొదుపు నాకు కొత్త కాదు.

ఈ రోజు ఖర్చు: లేదు.


సోమవారం

సెలూన్‌కి వెళ్ళాను. మా ఊరి ఫుట్‌బాల్ అసెంబ్లీ అదే. క్షవరం చేయించుకునేవాళ్ళు ఇద్దరుంటే వాదించుకునేవాళ్ళు పదిమంది ఉంటారు.

ఈ రోజు విషయం పెళ్ళికొడుకు. అంటే మా స్టార్ ఆటగాడు. అన్నీ కాళ్ళ దగ్గరికి రావాలి ఆయనకి. జుట్టు చెదరదు, చొక్కా మాయదు. బావకి దేవుడు.

"పెళ్ళికొడుకు వెనక్కొచ్చి సాయం చెయ్యడు. అందుకే డిఫెన్సు కూలిపోతోంది" అన్నాడు ఒకడు.

"పెళ్ళికొడుకు వంటింట్లోకొచ్చి గిన్నెలు తోముతాడా?" అన్నాడు ఇంకొకడు.

"తోమితే తప్పేంటంట? మీ ఇంట్లో నువ్వు తోమట్లేదా?"

అందరూ నవ్వారు. తర్వాత అందరూ నా వైపు చూశారు. నేను అద్దంలోకి చూశాను.

"ఏంటన్నా, పన్ను నొప్పా?" అన్నాడు సెలూన్ అతను.

తల ఊపాను. లవంగం నూనె ఇచ్చాడు. అక్కర్లేకపోయినా రాసుకున్నాను. నాలుక మొద్దుబారింది. మంచిదే.

ఈ రోజు ఖర్చు: లేదు. గర్వంగా ఉంది.


బుధవారం

డాక్టరమ్మ ఇంట్లో పని. రెండు రెక్కల తలుపు. కుడి రెక్క బాగుంది. ఎడమ రెక్క తోస్తే ముందుకు వెళ్తోంది, తిరిగి రావడం లేదు.

నేనేం చెయ్యను? తలుపులు బాగుచేసే మనిషిని. కళ్ళు మూసుకుని పని చెయ్యలేను కదా.

"వెళ్ళడం తప్పు కాదు నాయనా, తిరిగి రావద్దూ?" అన్నాను మెల్లగా. కీలు విప్పాను. "కుడివాడొక్కడే ఎంతసేపు కాస్తాడు చెప్పు? వాడికి మాత్రం అలుపు రాదా?"

గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి ఉంది.

"ఎవరితో మాట్లాడుతున్నారండీ?"

"తలుపుతోనండి."

"ఓహో." తలుపు వైపు చూసింది. "ఏమంటోంది?"

"ఇంకా ఏమీ అనలేదండి."

ఆవిడ నా నాడి చూసింది. బాగానే కొట్టుకుంటోందట.

ఒప్పందం మనుషులతో మాట్లాడటం గురించి. తలుపు మనిషి కాదు.

ఈ రోజు ఖర్చు: లేదు. (తలుపు లెక్కలోకి రాదు.)


శనివారం

మ్యాచ్. పక్కన బావ లేడు. లెక్కల మాస్టారు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ తొక్కలు నా మోకాలి మీద పోస్తున్నారు. అవతలి స్టాండులో బావ బట్టతల ఎండకి మెరుస్తోంది. దూరమైనా పోల్చుకోవచ్చు.

చుట్టపుచూపు ముందుకెళ్ళాడు. అలవాటే. అవతలివాడు ఆ ఖాళీ చూశాడు. నేనూ చూశాను. పళ్ళు బిగించాను. అయినా నా కుడి చెయ్యి తనంతట తనే లేచి, అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఆడింది.

"వెనక్కి!" అని అరిచారు మాస్టారు, నా చెయ్యి చూసి.

మా గ్రౌండు చిన్నది. ముందు వరుసలో ఎవరైనా దగ్గితే గోలీ తిరిగి చూస్తాడు. డిఫెండర్లు బెదిరి వెనక్కి పరుగెత్తారు. బంతి వాళ్ళలో ఒకడి వీపుకి తగిలి బయటికి పోయింది. గోల్ తప్పింది!

మాస్టారు నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇన్నాళ్ళూ నువ్వు నోటితో చెప్పేవాడివయ్యా, ఎవడూ వినేవాడు కాదు. ఇప్పుడు చూడు!"

నేను మాట్లాడలేదు. చెయ్యి మాట కాదు.

ఈ రోజు ఖర్చు: లేదు.


సోమవారం

సెలూన్‌లోకి అడుగు పెట్టగానే నిశ్శబ్దం. ఎవరో లేచి కుర్చీ ఇచ్చారు. మాస్టారు శనివారం సంగతి ముందే చెప్పేసినట్టున్నారు.

"అన్నా," అన్నాడు సెలూన్ అతను గొంతు తగ్గించి, "వచ్చే మ్యాచ్‌లో వెనక ముగ్గురా, నలుగురా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"కిటికీకి నాలుగు ఊచలున్నాయి!" అన్నాడొకడు. "నలుగురు!"

"మూడే. ఒకటి విరిగింది."

"విరిగింది ఏ పక్కది?"

"ఎడమ పక్కది."

అందరూ "ఆఁ..." అన్నారు. ఒకడు లేచి నిలబడ్డాడు కూడా.

ఇది దారుణం. కిటికీలోంచి నేను చూసింది గేదెని కట్టేసినట్టు అడ్డంగా పెట్టిన నా సైకిలుని. ఆ మాట చెబుదామంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే సైకిలు దగ్గర ఆగుతానన్న నమ్మకం నాకు లేదు.

వాళ్ళు అద్దం ముందు నూనె సీసాలు డిఫెన్సులా పేర్చారు. తప్పుగా పేర్చారు! ఎడమ సీసా మరీ అంచుకి పెట్టారు. మనిషన్నవాడు ఎంతసేపు ఓర్చుకుంటాడు? పడి పగులుతుందేమోనని కొంచెం లోపలికి జరిపాను. కుడి సీసాని కూడా. పౌడరు డబ్బాని మధ్యకి.

అది సర్దుడు. ఇల్లాళ్ళు రోజూ చేసే పనే.

ఈ రోజు ఖర్చు: లేదు. సెలూన్ అతను డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చి వచ్చాను.


గురువారం

అక్క వచ్చింది.

"తమ్ముడూ, మీ బావ నిన్ను తెగ మెచ్చుకుంటున్నార్రా. 'వాడు మాట మీద నిలబడ్డాడే' అన్నారు నిన్న. అవతల స్టాండులో ఆయనకి అస్సలు తోచట్లేదంట. పక్కాయన దేనికీ ఎదురు చెప్పడంట. పెళ్ళికొడుకుని పొగిడితే 'అవునండీ, అవునండీ' అంటాడంట. 'దానికంటే గోడ నయం' అంటున్నారు."

చేతులు, సీసాల సంగతి చెబుదామనుకున్నాను. అక్క అంత సంతోషంగా ఉంది. చెప్పలేదు.

మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి అంది: "మాట మీద నిలబడ్డారు సరే వదినా. నిద్రలో చేతులు ఊపుతున్నారు. నా దుప్పటి రోజూ వెనక్కి పోతోంది."


శనివారం

గెలిచాం! ఒకటి - సున్నా. పెళ్ళికొడుకు గోల్. అవతల బావ తువ్వాలు గిరగిరా తిప్పాడు.

మా స్టాండు మొత్తం ఆట చూడటం మానేసి నన్ను చూస్తోంది. తల గోక్కుంటే ఎడమ పక్కకి అరిచారు. తుమ్మితే బంతి బయటికి కొట్టమన్నారు. నేను మజ్జిగ తాగడానికి సీసా ఎత్తితే, డిఫెండరు బంతిని ఆకాశంలోకి తన్నాడు. అదే పెళ్ళికొడుకు కాళ్ళ దగ్గర పడింది.

ఇప్పుడు నాకొక పేరు కూడా ఉంది: మౌనంగారు.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగానే ఉంది. ఇన్నేళ్ళు వాదించినా ఒక్కడూ వినలేదు.

ఈ రోజు ఖర్చు: నోటితో లేదు. చేతి లెక్క వేరే రాయాలేమో. సీజను అయ్యాక చూద్దాం.


శుక్రవారం

రేపే ఆఖరి మ్యాచ్. డ్రా అయినా చాలు, ఈ డివిజన్‌లో నిలబడతాం. ఓడితే కిందికి పోతాం.

రేపు చేతులు జేబుల్లో పెట్టుకుంటాను. నిర్ణయం అంటే నిర్ణయమే. ఆట అవ్వగానే కౌంటరు, బావ, రెండు సీట్లు. అంతే!


శనివారం

జరిగింది ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. అయినా వరసగా రాస్తాను.

చేతులు జేబుల్లోనే ఉన్నాయి. ఎనభై నిమిషాలు దాటినా సున్నా - సున్నా. స్టాండంతా నా జేబుల వైపు చూస్తోంది. "తియ్యవయ్యా, ఒక్క చెయ్యైనా తియ్యి" అని మాస్టారు బతిమాలారు. తియ్యలేదు.

ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, అవతలి స్టాండులో బావ లేచి నిలబడ్డాడు. నా వైపే చూస్తూ చెయ్యి ఎత్తాడు. తర్వాత కౌంటరు వైపు చూపించాడు. నవ్వుతున్నాడు.

నేనేమైనా బండరాయినా? చేతులు జేబుల్లోంచి తీశాను. రెండు చేతులూ పైకెత్తి, "రా బావా, రా రా!" అన్నట్టు పిలిచాను. నోటితో కాదు. చేతులతోనే.

"ముందుకి!" అని అరిచారు మాస్టారు.

"ముందుకి! ముందుకి!" అని స్టాండంతా కప్పు ఎగిరిపోయేలా అరిచింది.

మా డిఫెన్సు ముందుకి పరుగెత్తింది. అందరూ! గోలీ మాత్రం గోల్ ముందే ఉన్నాడు. బంతి అవతలివాళ్ళ దగ్గర ఉంది. వాళ్ళు దాన్ని మావాళ్ళ తలల మీదుగా, వెనక ఒంటరిగా మిగిలిన తమవాడికి కొట్టారు.

అయినా ఫరవాలేదు. మా డిఫెండర్లందరినీ దాటి అవతలివాడొక్కడే ముందుంటే అది ఆఫ్‌సైడు. గోల్ చెల్లదు. అందుకని ఊపిరి పీల్చుకుని మా గోల్ వైపు చూశాను.

గోల్ దగ్గర, తన చోట, తన ఎడమ మూలలో, చుట్టపుచూపు నిలబడి ఉన్నాడు.

సీజనంతా ఎక్కడ ఉండమని నేను మొత్తుకున్నానో సరిగ్గా అక్కడే. కదలకుండా. ఎప్పుడూ ఎవరి మాటా విననివాడు, ఈ అరుపులు మాత్రం ఎందుకు వింటాడు? వాడొక్కడు వెనక ఉన్నాడు కాబట్టి ఆఫ్‌సైడు కాదు.

నేను సీటు మీదికి ఎక్కేశాను.

"ఒరేయ్ చుట్టపుచూపూ! ముందుకెళ్ళరా! నీకు దండం పెడతాను, ఆ మూల వదిలేసి ముందుకెళ్ళరా!"

అప్పుడే గ్రౌండు నిశ్శబ్దమైపోయింది. నా గొంతు ఒక్కటే వినిపించింది. చుట్టపుచూపు తిరిగి నన్ను చూశాడు. బంతి వాడి పక్కనుంచి లోపలికి పోయింది.

కిందికి పోయాం.

మాస్టారు గింజల పొట్లం మడిచి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. మౌనంగారి స్టాండు ఖాళీ అయిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. కౌంటరుకి వెళ్ళి ఏం లాభం? మాట జారింది. అదీ గ్రౌండంతా వినేలా.

ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. బావ. గ్రౌండు చుట్టూ తిరిగి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"ఏమన్నావురా?"

మోకాలి మీది తొక్కలు దులుపుకున్నాను.

"ముందుకెళ్ళమన్నావా? చుట్టపుచూపుని? నువ్వా?"

తల వంచుకున్నాను.

బావకి నవ్వు మొదలైంది. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. నిలబడలేక నా పక్క సీట్లో, గింజల తొక్కల మీదే కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"వాడు జీవితంలో మొదటిసారి ఇంటిపట్టున ఉంటే, నువ్వే తరిమేశావు కదరా బామ్మర్దీ!"

"నిన్ను పిలిచాను బావా. వాళ్ళు అరిచారు."

"నన్ను పిలవడానికి జట్టునే దింపేశావు." మళ్ళీ నవ్వాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు: "నోటితో వాగితే నా ఒక్కడి చెవే కదా పోయేది. నువ్వు నోరు మూసుకుంటే ఊరంతటికీ ప్రమాదం."

"పెళ్ళికొడుకు ఒక్కసారి వెనక్కొచ్చి ఉంటే..." అన్నాను.

"వాణ్ణి అన్నావో, చూడు!"

కౌంటరు దాకా వాదించుకున్నాం. కౌంటరు అతను కిటికీ మూసేస్తుంటే ఆపి, పక్కపక్కన రెండు సీట్లు రాయించాం. ఇంటి దాకా మళ్ళీ వాదించుకున్నాం.

ఈ రోజు ఖర్చు: లెక్క కట్టలేను.


ఆదివారం

అక్కకి అన్నీ తెలిసిపోయాయి. చేతులు, సీసాలు, తలుపు కూడా. డాక్టరమ్మ చెప్పిందట.

"సీటు మీ బావ ఇచ్చారు సరే. నాతో చేసుకున్న ఒప్పందం మాటేంట్రా?" అంది. "మొదటి నుంచీ మొదలుపెట్టు. వచ్చే సీజన్‌లో ఎడమ మూల గురించి మాట్లాడకూడదు, చెయ్యి ఊపకూడదు, గిన్నె జరపకూడదు. నా ఇంట్లో అందరూ వేడిగా భోంచెయ్యాలి."

సరేనన్నాను.

కొత్త నిర్ణయం. ఈ రోజు నుంచి మా జట్టు ఎడమ మూల గురించి నోటితో కానీ, చేతితో కానీ, సామానుతో కానీ ఏమీ చెప్పను. ఈసారి గట్టి నిర్ణయం!

సాయంత్రం బావ వస్తానన్నాడు. కుడి పక్క డిఫెండరు గురించి అక్క ఏమీ అనలేదు.

ఈ రోజు ఖర్చు: ఇప్పటి దాకా లేదు.