మంట దగ్గర అన్న మాట

మా పిట్టకు,

దేవుడు నిన్నూ, మరిదిగారినీ, పిల్లలనూ చల్లగా చూడాలని వేడుకుంటూ అక్క రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. తమ్ముడి మోకాలు కుదుటపడింది, నోరే కుదుటపడలేదు. చేతికర్రతో ఇల్లంతా తిరుగుతూ అజమాయిషీ చేస్తున్నాడు. "మోకాలికి అన్ని కుట్లు వేసిన డాక్టరు, ఆ నాలుకకి ఒక్కటి వేసి ఉంటే పుణ్యం దక్కేది" అంటోంది మరదలు. నాకు కళ్లజోడు మార్చారు. సూదిలోకి దారం ఇప్పుడు తేలిగ్గా ఎక్కుతోంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను.

స్వర్ణోత్సవ పుస్తకానికి మన ఆడపిల్లల వేసవి శిబిరం చరిత్ర రాసిమ్మన్నావు. నాకు తెలిసింది కొంచెమే. మన బడి టీచరమ్మ మొదలుపెట్టిన వేసవిలో గుడారాలు కూడా లేవు. బడి కిటికీల తెరలు కలిపి కుట్టించి సరస్సు ఒడ్డున కట్టింది. పిల్లల్ని పంపమని ఇంటింటికీ తిరిగింది. "ఆడపిల్లలు ఈత నేర్చుకుని ఏ రాజ్యం ఏలాలండీ?" అన్నాడట ఒక తండ్రి. "ఏలక్కర్లేదు నాయనా, మునిగిపోకుండా ఉంటే చాలు" అన్నదట. పొద్దున బైబిలు వాక్యం, మధ్యాహ్నం ఈత, సాయంత్రం పాటలు. ఆ పిల్లల్లో ఒకామె ఇప్పుడు పడవ నడుపుతోంది, ఒకామె జడ్జి అయింది. మిగతావాళ్లు కనీసం తలెత్తి మాట్లాడటం నేర్చుకున్నారు.

అసలు సంగతి ఆఖరి సాయంత్రం వేసే మంట. ప్రతి పిల్లా ఒక ఎండుపుల్ల పట్టుకుని, మనసులో ఉన్నది పైకి అని, పుల్ల మంటలో వేస్తుంది. ఎవరూ బదులు చెప్పకూడదు, 'అయ్యో' అని కూడా అనకూడదు. ఆ మాట అక్కణ్నుంచి బయటికి పోకూడదు. "బూడిదని ఎవరైనా మూటగట్టి ఇంటికి మోసుకెళ్తారటే?" అనేది టీచరమ్మ. దేవుడు ఉన్నాడో లేడో అని ఒక పిల్ల అంటే ఆ మాటకూ తల వంచి ఊరుకుంది.

ఉత్సవానికి ఎందుకు రాలేదని అడిగావు. తమ్ముడి ఆపరేషనని కబురంపాను గాని, "పిట్ట మాట్లాడుతుంది, నువ్వెళ్లు" అని వాడే తరిమాడు. వచ్చాను, పిట్టా. నీకు చెప్పకుండా వచ్చి నవ్విద్దామనుకున్నాను. పెద్ద గుడారం గాలికి ఒకపక్క కుట్టు విడిపోతే, ఎప్పటిలాగే సూది నా చేతికొచ్చింది. తెరకి అవతల నువ్వు మైకులో మాట్లాడుతున్నావు, ఇవతల నేను కుడుతున్నాను.

"మా అక్క ఈ మంట దగ్గరే అంది" అన్నావు. "ఒక్కరోజైనా ఎవరికీ అక్కని కాకుండా బతకాలనుంది, ఈ తమ్ముణ్నీ చెల్లినీ ఎవరైనా తీసుకుపోతే బాగుండును అంది. నేను ఆమె ఒళ్లోనే కళ్లు మూసుకుని వింటున్నాను. పెంచిన చెయ్యే నన్ను వద్దంది. ప్రభువు వద్దనలేదు."

లోపల ఏడుపులు వినిపించాయి. నీ గొంతు వణకాల్సిన చోట వణికింది. ఎన్ని సభల్లో వణికిందో నీకే తెలియాలి.

పక్కన గిన్నెలు సర్దుతున్న వంటామె ఆగిపోయింది. "పిట్టకి నువ్వొక్కదానివే కదా అక్కవి?"

"ఒక్కదాన్నే."

"మరి ఇదేంటి తల్లీ?"

"ఆ దారం ఇలా ఇవ్వు. ఇంకా జానెడు ఉంది" అన్నాను.

ఆ మాట అన్నాను, నిజమే. అమ్మ పోయి ఏడాది తిరగలేదు. నాకు పదిహేనేళ్లు. తమ్ముడి దగ్గు, నాన్న మౌనం, నీ జడలు. ఇంట్లో అనలేని మాట అక్కడ అనొచ్చన్నారు, అన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను. బడికి పోని పసిపిల్లల్ని అక్కడ కూర్చోనివ్వరు. నన్ను వదలనని నువ్వు ఏడిస్తే, నిద్రపోయిందిలే అని టీచరమ్మ ఉండనిచ్చింది. మర్నాడు పొద్దున లేచి నీ తల దువ్వాను. అది మైకులో రాలేదు.

పసిదానివి, వినడం నీ తప్పు కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి "అక్కా, అలా ఎందుకన్నావు?" అని నన్ను అడగాల్సింది. నన్ను అడగలేదు. ఊళ్లకు చెప్పుకున్నావు.

నువ్వు కారెక్కి వెళ్లాక మంట వేశారు. మొదటి పిల్ల పుల్ల వేసి, మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. తరవాతి పిల్లా అంతే. ముందుపళ్లు ఊడిన పిల్లొకతె నా కొంగు పట్టుకుని "ఇక్కడ చెప్తే మైకులో చెప్పేస్తారా అమ్మమ్మా?" అంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆఖరి పుల్ల కూడా మాట లేకుండానే కాలిపోయింది. చరిత్ర అడిగావుగా, ఇదీ రాసుకో.

ఇక సభల్లో నువ్వు చెప్పే సాక్ష్యాన్ని నా ఫోటోతో పుస్తకంలో వేసుకోవడానికి ఒప్పుకోమన్నావు. ఒప్పుకోను. ఫోటో లేకుండా కూడా వద్దు.

వచ్చే వేసవికి రా. వేదిక ఎక్కడానికి కాదు. ఆ పిల్లల మధ్య నేల మీద కూర్చుని, అక్క మాట నేను బయటికి మోశాను, మోయకూడదు అని చెప్పు. నాకు క్షమాపణ అక్కర్లేదు, వాళ్లకు కావాలి.

రోజూ పొద్దున అందరి పేర్లూ దేవుని ముందు పెడతాను. నీ పేరు దగ్గరికొచ్చేసరికి ఏమడగాలో తెలియక ఊరుకుంటున్నాను. అయినా నీ పేరు వదిలి తరవాతి పేరుకి వెళ్లలేకపోతున్నాను.

ఆ పిల్లలకు చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు. రాస్తే చదువుతాను, అదే నా భయం.

ఇట్లు,
అక్క