జామీను పెట్టినోడి పొట్టేలు

వింజమూరు, 14-3-1996

నిన్న ఆత్మకూరు కోర్టులో నా ఐపీ ఖాయమైంది. దివాలా తీసినోణ్ని అయినాను. ఎరువుల అంగడికి తెచ్చిన ప్రోనోటు బాకీలు ఇంక నన్ను అడగరు. "సర్కారు బాకీ మాత్రం పోదు. జామీను సంతకం పెట్టినోళ్లకీ ఈ ఐపీ పనిచేయదు, వాళ్లని పట్టుకుంటారు," అని లాయరు మెట్లు దిగతా చెప్పినాడు.

జామీను పెట్టింది నా బామ్మర్ది మాలకొండయ్య. సీతారామపురంలో గొర్రెలు మేపుకుంటా ఉండాడు. సంగతి విని, పొట్టేలు కోసి, మాంసం తీసుకోని ఈ సాయంత్రం బస్సుకి వచ్చినాడు.

"బాకీలన్నీ పోయినాయంట గదా బావా! ఇంక అక్కని ఏడవొద్దను," అని నవ్వతా తనే వడ్డించినాడు.

అప్పులోళ్లు ఇంక నీ మంద మీదికే వస్తార్రా అని చెప్పబోయినాను. ఇంకో గరిటె కూర వేసినాడు.

కడుపునిండా తినినాను.